అప్పు కోసం 1/70 పోవాలంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

పోస్టు పొడుగే, ఓపిక చేసుకోండి. సగం చదివి తిట్టొద్దు, మొత్తం చదివి తిట్టండి.

ఈ మధ్య మన గ్రూపులో ఒక మాట పదే పదే వస్తున్నది. "మనకు పదెకరాలున్నా విదేశీ చదువుకు బ్యాంకువాడు రూపాయి ఇయ్యడు. మైదానంలో రెండెకరాలున్నోడు తాకట్టు పెట్టి అమెరికా పోతుండు. 1/70 చట్టమే మన కాళ్లకు సంకెల" అని. ఈ మాట బయటివాళ్లు అంటే నేను పట్టించుకోకపోదును, వాళ్లది 1970 నుంచీ అదే పాట. కానీ అంటున్నది మన పిల్లలు. అదీ జీఆర్ఈ రాసి, అడ్మిషన్ లెటరు చేతిలో పట్టుకొని ఉన్నవాళ్లు. అందుకే రాస్తున్న.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలె. వాళ్ల బాధ నిజం. బ్యాంకుల సంఘం నమూనా విద్యా రుణ పథకం ప్రకారం 7.5 లక్షలు దాటితే తాకట్టు కావాలె. విదేశీ చదువైతే ఖర్చులో 15 శాతం మన జేబు నుంచి పెట్టాలె. అమెరికాలో రెండేండ్ల ఎంఎస్‌కు 40 లక్షలు అనుకుందాం. అంటే 6 లక్షలు చేతిలో ఉండాలె, మిగతాదానికి ఆస్తి చూపాలె, పైన సంతకం పెట్టడానికి ఐటీ రిటర్నులున్న మనిషి కావాలె. పోడు చేసుకునే నాయనకు ఐటీ రిటర్ను ఎక్కడిది? చివరికి ఊరిమొత్తంలో ఒక్క టీచరు మామయ్యో, ఫారెస్టులో బీట్ ఆఫీసరు బాబాయో ఉంటడు. నాలుగిండ్ల పిల్లలు ఆయన చుట్టే తిరుగుతరు. ఆయన ఒకరికి పెడితే రెండోవాళ్లకు పెట్టలేడు.

పోడు పట్టా సంగతి ఇంకా తేలిక. 2006 అటవీ హక్కుల చట్టంలోనే రాసి ఉన్నది, ఆ హక్కు వారసత్వంగా వస్తది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి లేదు. ఏజెన్సీలో రెవెన్యూ పట్టా ఉన్నా, రేపు వేలం వేస్తే కొనేవాడు గిరిజనుడే కావాలె. బ్యాంకు మేనేజరుకు ఆ వేలం మీద నమ్మకం లేదు. పట్టా చూసి, "సిటీలో ఫ్లాట్ ఏమన్నా ఉందా?" అని అడుగుతడు.

ఇంతవరకు మీరు చెప్పింది కరెక్టే. ఇక్కడి నుంచి "కాబట్టి 1/70 తీసెయ్యాలె" అని దూకుతున్నరు చూడండి, అక్కడే నాకు పేచీ.

తాకట్టు అంటే ఏమిటో ఒక్కసారి లెక్క వేద్దాం. 40 లక్షలు, 12 శాతం వడ్డీ. చదివే రెండేండ్లు, ఆ తర్వాత ఆరు నెలల గడువు. కిస్తీ కట్టకపోయినా వడ్డీ ఆగదు. ఏడాదికి 4.8 లక్షల చొప్పున రెండున్నరేండ్లకు 12 లక్షలు. అప్పు 52 లక్షలయితది. పదేండ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 75 వేలు. అప్పు విడతలుగా ఇస్తరు కాబట్టి కొంత తగ్గొచ్చు, ఎంతో తగ్గదు. అమెరికాలో మంచి ఉద్యోగం వస్తే ఇది పెద్ద లెక్క కాదు, నిజమే. రాకపోతే? ఓపీటీ ఏడాది, స్టెమ్ కోర్సయితే ఇంకో రెండేండ్లు. ఆ తర్వాత హెచ్-1బి లాటరీ. లాటరీ అని పేరే చెప్తున్నది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించిన్రు. అక్కడే చదువుకొని వీసా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత చెప్పిన్రు గానీ, ఒక్క సంతకంతో ఎంత మారొచ్చో అందరూ చూసిన్రు. అసుంటి లాటరీ మీద తాత కొట్టిన పోడు, అవ్వ కోసిన జొన్న చేను పెట్టమంటరా?

మైదానంలో కుటుంబం రెండెకరాలు పోగొట్టుకుంటే ఇంకో ఊర్లో ఇంకో రెండెకరాలు కొనుక్కోవచ్చు, వ్యాపారం పెట్టుకోవచ్చు, చుట్టాలు అప్పిస్తరు. మనకు భూమి పోతే కూలికి పోవుడే. ఒక్క పిల్లగాని వీసా రిజెక్టుతో మొత్తం ఇంటిపేరు కూలయితది.

అసలు ఈ చట్టం ఎందుకొచ్చిందో పాఠ్యపుస్తకాల్లో సరిగ్గ చెప్పరు. మన భూములను ఎవడూ కత్తి పట్టుకొని వచ్చి గుంజుకోలేదు, చాలామట్టుకు అప్పుతోనే తీసుకున్నరు. ఉప్పుకు, బట్టకు, పెండ్లికి సావుకారు దగ్గర తీసుకున్న అప్పు, దాని వడ్డీ, ఆ వడ్డీకి వేలిముద్ర. అందుకే 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్ తెచ్చిన్రు, ఆ వెంటనే 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద వేరే రెగ్యులేషన్ తేవాల్సి వచ్చింది. 1959 చట్టంలో సందులు దొరికితే 1970లో బిగించిన్రు. అదే 1/70. సుప్రీంకోర్టు 1988లో దాన్ని సమర్థించింది. 2025 ఫిబ్రవరిలో ఆ చట్టం మీద చెయ్యి వేస్తరన్న మాట వినగానే అల్లూరి జిల్లా ఏజెన్సీ బందయింది. బంద్ చేసినవాళ్లు చదువుకు శత్రువులు కాదు, వాళ్ల ఇండ్లల్లో కూడా ఇంజనీరింగ్ పిల్లలున్నరు.

ఇంకో దొడ్డిదారి గురించి కూడా చెప్పాలె. "నీ భూమి కాగితాలు నా దగ్గర పెట్టు, నా ఆస్తి బ్యాంకులో నేను పెడత" అని వచ్చే గిరిజనేతర పెద్దమనుషులున్నరు. తమ్ముడూ, ఆ కాగితం కోర్టులో చెల్లదు. కానీ భూమి దున్నేది మాత్రం ఆయనే అయితడు. బినామీ ఇట్లనే మొదలయితది.

మరి పిల్లలు పోవద్దా? "ఇక్కడ లేని చదువా, ఊర్ల ఉండి సమాజానికి పని చెయ్యరాదా" అనే మన పెద్దలతో కూడా నాకు పేచీ ఉన్నది. ఆ మాట అనే నాయకుల్లో కొందరి పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నరు. పోవాలె, పంపాలె. కానీ పైసలు ఎవరివి, నష్టం వస్తే ఎవరు మోయాలె అన్నదే అడుగుతున్న.

సర్కారు దగ్గర పథకాలు లేవా అంటే ఉన్నయి, గమ్మత్తుగా ఉన్నయి. కేంద్ర గిరిజన శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికి. దేశం మొత్తం మీద! 17 ఎస్టీలకు, 3 ఆదిమ తెగలకు. పది కోట్ల మందికి పైగా ఉన్న జనానికి 20 సీట్లు. గిరిజన ఫైనాన్స్ కార్పొరేషన్ 6 శాతం వడ్డీకి విద్యా రుణం ఇస్తది, కానీ దేశంలోపలి చదువుకే. 2024లో తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి తాకట్టు అడగదు, అదీ ఇక్కడి కాలేజీలకే. ఆంధ్రలో 2022లో తెచ్చిన పథకం మొదట ప్రపంచ ర్యాంకు 200 లోపు యూనివర్సిటీలకే అని గీత గీసింది. ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన పిల్లకు ఆ గీత ఎంత ఎత్తో గీసినవాళ్లకు తెలియదు.

తెలంగాణలో 20 లక్షల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మంచి పథకం, నేను కాదనను. కానీ దాని నడక చూడండి. మొదటి వాయిదా ఎప్పుడు? అక్కడ విమానం దిగి, దిగినట్టు కాగితం పంపినంక. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు పెట్టినంక. వీసాకు మాత్రం పైసలు ముందే చూపాలె. ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఖర్చు బ్యాంకులో కనపడాలె. అంటే పైసలు లేనోడి కోసం పెట్టిన పథకం, ముందుగాల పైసలున్నోడికే అందుతది! ఈ ఖాళీలోనే కన్సల్టెన్సీవాడు దూరుతడు. అకౌంటులో బ్యాలెన్సు చూపించడానికి కమీషన్, ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ లోను ఇప్పించడానికి కమీషన్. ఆ తర్వాత వాయిదా ఆలస్యమయితే పిల్లగాడు అక్కడ ఫీజు కట్టలేక, ఇక్కడ నాయన మళ్లీ సావుకారు గడప ఎక్కుతడు. మన తాతలు ఎక్కిన గడపే.

కాబట్టి కోపం 1/70 మీద కాదు, ఇక్కడ పెట్టండి. అడగాల్సినవి నాకు తోచినయి చెప్తున్న. మంజూరు లెటరునే బ్యాంకు హామీగా తీసుకోవాలె, మొదటి వాయిదా వీసాకు ముందే యూనివర్సిటీకి నేరుగా పోవాలె. 20 లక్షలు పోను మిగిలిన అప్పుకు తాకట్టు లేకుండా ట్రైకార్ గ్యారంటీ నిలవాలె. మేనేజరు భయపడేది మొండి బాకీకే కదా, ఆ భయం సర్కారు మోయనీ. కార్పొరేషన్ 6 శాతం రుణాన్ని విదేశీ చదువుకు కూడా తెరవాలె. కేంద్రం సీట్లు 20 నుంచి పెంచాలె. ఇందులో ఒక్కదానికి కూడా గజం భూమి అవసరం లేదు.

అప్పటిదాకా పోయేవాళ్లు అమెరికా ఒక్కటే చూడకండి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ లాంటి చోట్ల ఉన్నది, చూసుకోవాలె. అయినా బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు వేయాలె. అది చిన్న మొత్తం కాదు, కానీ మీ ఖర్చుకే నెలనెలా తిరిగి వస్తది, 40 లక్షల అప్పు కాదు.

రెండో వాయిదా ఆగిపోయినవాళ్లు ఉంటే మంజూరు నెంబరు, తేదీ, ఎంత రావాలె అన్నది అడ్మిన్లకు పర్సనల్‌గా పంపండి, గ్రూపులో పెట్టకండి. లిస్టు తయారయితే సోమవారం గిరిజన దర్బార్‌కు ఐటీడీఏ పీవో గారి దగ్గరికి కలిసి పోదాం. తల్లిదండ్రులు కూడా రావాలె. ఇంగ్లీషు దరఖాస్తు నేను రాస్త.