చివరి సున్నా కొట్టెయ్యమని చెప్పే ముందు



సెలవుల్లో తండాకో గూడేనికో పోయినప్పుడు పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు మన గ్రూపులో చాలామందే ఉన్నారు. ఈ పోస్టు వాళ్ల కోసం.

సమాన దశాంశాలు వచ్చేసరికి మనం ఒక్క మాటతో తేల్చేస్తాం: "పాయింటు తర్వాత చివర్లో సున్నా ఉంటే కొట్టెయ్, దానికి విలువ లేదు." మార్కు వస్తుంది. ఎందుకో మాత్రం పిల్లకు తెలియదు. ఆ "ఎందుకు" తెలియకపోతే రేపు భూమి కాగితం దగ్గర దెబ్బ తింటారని నా అభిప్రాయం.

0.5 అంటే పది భాగాల్లో ఐదు. 0.50 అంటే వంద భాగాల్లో యాభై. రూపాయి మీద చూపించండి, రెండూ అర్ధరూపాయే. ముక్కలు పదో వంతుకు చిన్నవయ్యాయి, వాటి లెక్క పదింతలు పెరిగింది. అందుకే సమానం. 0.05 మాత్రం ఐదు పైసలే.

ఇప్పుడు ఇంట్లో పట్టా పాస్‌బుక్కు తియ్యండి. తెలంగాణలో 2.20 అని ఉంటే 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. అక్కడ చివరి సున్నా కొట్టేస్తే 2 ఎకరాల 2 గుంటలని చదువుతారు. ఎక్సెల్‌లో మామూలుగా 2.20 కొట్టి చూడండి, అదే 2.2 చేసేస్తుంది. 18 గుంటలు మాయం! గుంటకు 121 గజాలు, అంటే 2178 గజాలు. ఇక్కడ ఖాజాగూడలో జాగా అమ్మేది గజాల లెక్కన. ఆ విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

రైతు భరోసా పంటకు ఎకరానికి 6000 అనుకుంటే రెండున్నర ఎకరాలకు 15,000 రావాలి. 2.20ని దశాంశమనుకుని గుణిస్తే 13,200 వస్తుంది. 1800 తేడా ఉందని అడగాలంటే ముందు లెక్క తెలియాలి కదా.

ఆంధ్రలో సెంట్ల లెక్క. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అక్కడ 2.50 నిజంగానే రెండున్నర. క్రికెట్‌లో 4.5 ఓవర్లంటే నాలుగున్నర కాదు, ఇంకొక్క బంతి పడితే ఐదు. చుక్క ఒకటే, దాని వెనక ఉన్నది 100నా, 40నా, 6నా అన్నదే అసలు ప్రశ్న.

చిన్నపిల్లలకు ఇంత గందరగోళం ఎందుకని కొందరు అనొచ్చు. ముందు రూపాయి, పైసలతో గట్టిగా రానివ్వండి, తర్వాతే పాస్‌బుక్కు. గుంటల్ని 40తో భాగించి దశాంశంలోకి మార్చమనండి: 20 గుంటలు 0.5, 10 గుంటలు 0.25, 5 గుంటలు 0.125. ఐదారు తరగతుల పిల్లలకు ఇది కష్టమేం కాదు. వాళ్ల సొంత చేను లెక్క కాబట్టి ఇష్టంగానే చేస్తారు.

మన తాతల దగ్గర కాగితం లేక భూములు పోయాయి. కాగితం ఉండి కూడా చదవరాక పోగొట్టుకోవద్దు.