పర్స్ ఒకటే, హక్ అందరిదీ



2024 అక్టోబరు హాకీ ఇండియా లీగ్ వేలంలో పురుషుల టీముకి ఒక్కోదానికి పర్స్ 4 కోట్లు. అందులోనే 24 మందిని కొనుక్కోవాలి. మన హైదరాబాద్ తూఫాన్స్ ఒక్క గొంజాలో పెయిలాట్ మీదే 68 లక్షలు పెట్టింది. మిగతా 23 మందికి సగటున 14 లక్షల పైచిలుకు మిగిలింది.

గలత్ అనను. పెనాల్టీ కార్నర్‌లో అతను ఉస్తాద్. మరి ఆ కార్నర్ తెచ్చేదెవరు? బంతిని 'డి'లోకి తీసుకెళ్ళే ఫార్వర్డులు. వాళ్ళ పరుగు ఎంత మెహనత్ అంటే, కొన్ని నిమిషాలకే బయటికొచ్చి ఇంకొకరికి చోటివ్వాలి. ఆ వచ్చేవాళ్ళు బలహీనులైతే ఉస్తాద్ దాకా కార్నరే రాదు. అందుకే నా రాయ్: ఒక స్టార్‌ని కొనండి, రెండో స్టార్‌కి పెట్టే పైసా ఫార్వర్డులకి పంచండి.

శావల్యాపురంలో మా అబ్బా పర్స్ కూడా చిన్నదే. అదంతా నా డిగ్రీకే పెట్టారు. ఆపా ఏడో తరగతితో బడి మాని మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళింది. నా గోల్ అందరూ చూశారు. కార్నర్ తెచ్చింది ఆపా.

తూఫాన్స్ 2025 ఫిబ్రవరి 1న ఫైనల్లో 4-3తో ఓడింది. టీములకి మళ్ళీ వేలం వస్తుంది, ఆపాకి రాలేదు. మీ ఇంట్లో చదువుకునే బేటీ ఉంటే, ఈ ఏడు ఫీజులు లెక్కేసేటప్పుడు ఆమె హక్ ముందు తీసి పక్కన పెట్టండి.