గుత్తి బిగువు

ద్రాక్ష గుత్తి బిగువునూ వదులునూ ప్రధానంగా నాలుగు అంశాలు నిర్ణయిస్తాయి: గుత్తి కాడ పొడవు, తొడిమల పొడవు, నిలిచిన పిందెల సంఖ్య, పండు పరిమాణం. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ ఈ బిగువును 1 (చాలా వదులు) నుంచి 9 (చాలా బిగువు) దాకా గుర్తిస్తుంది. పినో నువార్ రకం గుత్తి చిన్నది. అందులో పండ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. కాబెర్నే సావిన్యో రకం గుత్తి అంతకంటే వదులు. ఒత్తుకున్న చోట పండు తొక్క మీది మైనపు పొర పలచబడుతుంది, తేమ నిలుస్తుంది, గాలి ఆడదు. బోట్రైటిస్ అనే శిలీంధ్రం తెచ్చే కుళ్ళు అక్కడే మొదలవుతుంది.

పూత వేళ చలి, వాన తగిలితే పిందె తక్కువగా నిలిచి అదే రకం గుత్తి వదులవుతుంది. థామ్సన్ సీడ్‌లెస్ రకం తోటల్లో రైతులు గుత్తిని వదులు చేసేందుకు పూతకు ముందు జిబ్బరెలిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోను పిచికారీ చేసి కాడను సాగేలా చేస్తారు. తర్వాత పిందెలను పలచన చేస్తారు. రకం సహజ గుణం, వాతావరణం, సాగు పద్ధతి మూడూ కలిసి గుత్తి రూపాన్ని తీర్చిదిద్దుతాయి.