బోరు ఏసినంక నీళ్లు ఊకుంటయా?

నల్లమల యురేనియం ముచ్చట వచ్చినప్పుడల్లా కొందరు ఒకటే అడుగుతరు: 'కోట్ల ఏండ్ల సంది అది భూమిలనే ఉంది గదా, మీకేమన్న అయిందా?' అడగవలసిన ప్రశ్ననే. జవాబు మాత్రం రాయిల లేదు, నీళ్లల్ల ఉంది.

జపాన్‌ల ఫుకుషిమా చూడుండ్రి. 2011 మార్చి 11న సునామీ వచ్చినంక మూడు రియాక్టర్లల్ల ఇంధనం కరిగింది. ఉక్కు, కాంక్రీటు కలిసి ముద్ద గట్టింది. సుమారు 880 టన్నులు ఉంటదని అంచనా. అది సల్లగుండాలని ఇప్పటికీ నీళ్లు పోస్తనే ఉన్నరు. భూగర్భ జలం గూడ పగుళ్లల్లకెల్లి లోపలికి వస్తున్నది. ముద్దను తాకిన నీళ్లు ఉత్తగ రావు, సీసియం, స్ట్రాన్షియం కరిగించుకొని వస్తయి. ఆ నీళ్లను శుద్ధి చేసి వెయ్యికి పైగ ట్యాంకులల్ల నింపిండ్రు. 2023 ఆగస్టు 24 నుంచి సముద్రంల వదులుతున్నరు. ట్రిటియం మాత్రం ఆ శుద్ధికి పోదు. 2024 నవంబర్‌ల మొదటిసారి బయటికి తీసిన ముద్ద ఒక్క గ్రాము గూడ లేదు.

మన నల్లమల రాయి అంత ప్రమాదం కాదు. దాంట్ల సీసియం ఉండదు. గానీ నీళ్ల గుణం ఎక్కడైనా ఒక్కటే. గాలి తగలని లోతుల యురేనియం నీళ్లల్ల దాదాపు కరగదు. ఆక్సిజన్ తగిలితే దాని రూపం మారుతది. అప్పుడు నీళ్లల్ల కార్బొనేటు ఉంటే దాంతోని కలిసి కదులుతది. కడప జిల్లా తుమ్మలపల్లెల రాయిలకెల్లి యురేనియం గుంజేది గూడ సోడియం కార్బొనేటు తోనే. మిగిలిన బురదను చెరువు లెక్క కట్టి పోస్తరు. ఆ చెరువుతోని బోరు నీళ్లు ఖరాబైనయి, అరటి తోటలు ఎండినయి అని పక్కన కె.కె. కొట్టాల రైతులు ఏండ్ల సంది మొత్తుకుంటున్నరు. యురేనియం కార్పొరేషనేమో తమ వల్ల కాదంటది.

ఇగ మన దిక్కు. 2019 మే నెలల అమ్రాబాద్ పులుల అడవిల 83 చదరపు కిలోమీటర్ల సర్వేకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగ ఒప్పుకున్నది. 4,000 బోర్ల ప్రతిపాదన అది. ప్రతి బోరు రాతి పొరలను దాటుకుంట పోతది. సక్కగ మూయకపోతే గాలికి, నీళ్లకు కొత్త తొవ్వ దొరుకుతది. ఆ గుట్టల వాగులు కలిసేది కృష్ణల, తర్వాత నాగార్జునసాగర్‌ల. సాగర్ నీళ్లు హైదరాబాద్ నల్లాలల్ల గూడ వస్తయి. చెంచు పెంటల గోస అని పక్కకు పెట్టే ముచ్చట కాదిది.

జనం కొట్లాడిండ్రు. 2019 సెప్టెంబర్‌ల అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. గానీ అణు ఖనిజాల మీద అధికారం కేంద్రానిది. పైంగ 2025 సెప్టెంబర్‌ల కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. మనం మాట్లాడే మైకే గుంజుకున్నరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందుకే నీళ్ల లెక్క ఇప్పుడే రాసిపెట్టుకోవాలె. ఊరి బాయిలు, బోర్ల నీళ్లకు యురేనియం పరీక్ష చేయించాలని గ్రామసభల తీర్మానం పెట్టుండ్రి. టీడీఎస్ మీటరుల యురేనియం కనపడదు, పేరు పెట్టి అడగాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి, తేదీ, బోరు లోతుతో సహా రాసి పెట్టుండ్రి. రేపు నీళ్లు మారితే 'ముందుగాలనే గట్ల ఉండె' అంటరు. అప్పుడు మన చేతుల ఆ కాయితం ఉండాలె.