పిచ్చుకల పెట్టె, పిచ్చుక కవిత

మార్చి 20 దగ్గర పడుతోందంటే నాకు గుబులు. ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. 2010 నుంచీ జరుపుతున్నారు. ఆ రోజు ఫేస్‌బుక్ తెరిస్తే రెండే కనిపిస్తాయి: బాల్కనీలో వేలాడే చెక్కపెట్టె ఫొటో, పిచ్చుకలన్నీ ఎటుపోయాయని వాపోయే కవిత. ఈ రెండిటితోనూ నాకు పేచీ ఉంది. రెండు పనులూ నేనూ చేశాను మరి.

మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఓ పెట్టె కొన్నాను. ఎర్రరంగు కప్పు, గుండ్రటి కన్నం, దాని ముందు బుల్లి పుల్ల. హైదరాబాద్‌లో మా మూడో అంతస్తు బాల్కనీలో, ఫొటోకి వెలుతురు బాగుంటుందని పడమటి ఎండ పడేచోట తగిలించాను. కవితా రాశాను. అందులో అమ్మమ్మ ఇల్లు, చూరు, వరి కుచ్చు, చివర్లో సెల్ టవర్. నలుగురూ మెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో నిజంగానే ఒక జంట వచ్చింది. కొన్నాళ్లకి లోపలినుంచి సన్నటి కిచకిచలు. మే మొదటివారంలో అవి ఆగిపోయాయి. విప్పి చూద్దామంటే పెట్టెకి తలుపే లేదు, మేకులు పీకాల్సొచ్చింది. లోపల మూడు పిల్లలు, ఎండిపోయి.

చదవడం ఆ తర్వాత మొదలుపెట్టాను. పెట్టెకి పడమటి ఎండ తగలకూడదు. పైన గాలాడే కన్నాలు, అడుగున నీరు కారే కన్నాలు ఉండాలి. పిచ్చుకకి 32 మిల్లీమీటర్ల ద్వారం చాలు. ముందు పుల్ల అక్కర్లేదు, అది కాకికి మనం వేసే పీట. శుభ్రం చేయడానికి తెరుచుకునే తలుపు ఉండాలి. నేను కొన్నది పిట్ట కోసం చేసిన పెట్టె కాదు, నాలాంటి కొనేవాడి కోసం చేసింది.

సరే, పెట్టె సరిగ్గా చేస్తే సరిపోతుందా? పోదు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది. పిల్లలకి మాత్రం మొదటిరోజుల్లో కావాల్సింది పురుగులు. మా అపార్ట్‌మెంట్‌లో పురుగెక్కడ? లాన్‌కి నెలనెలా మందు. సాయంత్రమైతే దోమల పొగ. ప్రహరీ వెంట ఉండే గోరింట కంచె పీకేసి టైల్స్ వేశాం. మందు కాంట్రాక్టు రెన్యూ చేద్దామా అని అసోసియేషన్ గ్రూపులో అడిగితే బొటనవేలు ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నాను, అదీ పెట్టె తగిలించిన వారమే. ఆ పిల్లలు ఎండకి పోయినా ఆకలికి పోయినా బాధ్యుణ్ణి నేనే.

ఇక కవిత సంగతి. మన పిచ్చుక కవితల్లో దుర్మార్గుడు ఎప్పుడూ సెల్ టవరే. 2018లో శంకర్ ‘2.0’ సినిమాతో ఆ ఆరోపణకి కోట్ల బడ్జెట్ కూడా దొరికింది. దేశవ్యాప్తంగా పక్షి పరిశీలకులు నమోదు చేసిన లెక్కలతో 2020లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ఇంకో మాట చెప్పింది. మొత్తం దేశంలో పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉంది, తగ్గుతున్నది హైదరాబాద్ లాంటి మహానగరాల్లో. టవర్ల రేడియేషనే కారణమనడానికి ఆధారం లేదని కూడా అంది. లాగ్స్ చూడకుండా తప్పంతా సర్వర్‌దే అనే జూనియర్‌ని మా ఆఫీసులో ఎవరూ ఊరుకోరు. కవిని మాత్రం చప్పట్లు కొట్టి పంపిస్తాం. టవర్ మీద నేరం మోపడంలో సుఖం ఉంది. అది మన ప్రహరీ లోపల ఉండదు.

గోదావరి జిల్లాల్లో చూరుకి వరి కుచ్చులు కట్టడం మన కవితల్లోకి బాగానే ఎక్కింది. ఆ ఇంటి వెనక పెంటకుప్ప మాత్రం ఎక్కలేదు. పిచ్చుకపిల్లకి పురుగు దొరికింది ఆ కుప్ప మీద, పెరటి పాదుల్లో. కుచ్చు అందంగా ఉంటుంది కాబట్టి ఉంచుకున్నాం, పెంట కంపు కొడుతుంది కాబట్టి కొట్టేశాం. ఇది జ్ఞాపకం కూడా కాదు, ఎడిటింగ్. అందులో పిచ్చుక అంటే రెక్కలు తొడిగిన మన బాల్యం తప్ప, ఆకలేసే ప్రాణి కాదు.

పెట్టెలు పనికిరావని నేననను. తూర్పు అమెరికాలో పర్పుల్ మార్టిన్ అనే పిట్ట దాదాపుగా మనుషులు కట్టిన గూళ్ల మీదే ఆధారపడి బతుకుతోంది. అక్కడ మన ఊరపిచ్చుక పందొమ్మిదో శతాబ్దంలో మనుషులు ఓడలో తెచ్చి వదిలిన పరాయి పిట్ట. మిగతా పిట్టల పెట్టెల్ని ఆక్రమిస్తుందని అక్కడివాళ్లు దాన్ని తరుముతుంటారు. అంటే పెట్టె ఒక ప్రత్యేకమైన సమస్యకి జవాబు, పుణ్యం కాదు. గిజిగాడు గూడు అల్లుకుంటుంది, పికిలిపిట్ట పొదలో కట్టుకుంటుంది, తేనెపిట్ట కొమ్మకి వేలాడదీస్తుంది. వాటికి మన పెట్టెతో పనే లేదు. పొద ఉంటే చాలు.

‘కనీసం పిల్లలకి ప్రేమ నేర్పినట్టవుతుంది కదా’ అంటారు. మా అపార్ట్‌మెంట్ పిల్లలకి మనం నేర్పుతున్నది వేరు: ప్రేమంటే ఒక వస్తువు కొని గోడకి తగిలించడం అని.

పోయిన నెల అసోసియేషన్ మీటింగ్‌లో రెండే అడిగాను. లాన్‌కి మందు ఆపుదాం, వెనక మూల కాస్త గోరింట, కాస్త గడ్డి పెరగనిద్దాం. పాములొస్తాయన్నారు. ఓడిపోయాను. పిచ్చుకలు మా తీర్మానం కోసం ఆగలేదు, వాచ్‌మన్ గది పక్క మీటర్ బాక్సు వెనక గూడు పెట్టుకున్నాయి. పురుగుల కోసం పక్కనున్న ఖాళీ ప్లాటులోని పిచ్చిమొక్కల్లోకి రోజంతా తిరుగుతున్నాయి.

ఆ ప్లాటు అమ్ముడుపోయింది. వచ్చే నెల బోరుబండి వస్తుందట. మార్చి 20కి మళ్లీ కవితలు వస్తాయి.