‘హెచ్చరిక’ అనే మాటకు మనం మరచిన అర్థం

నాలుగు దశాబ్దాల వైద్యవృత్తిలో నేను అన్నిటికంటె ఎక్కువగా చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే, హెచ్చరించడమే అని ఒప్పుకోవలసి ఉంటుంది. ఉప్పు తగ్గించమని, పొగాకు మానమని, మాత్రలు మధ్యలో ఆపితే ప్రాణం మీదికి వస్తుందని వేల మందికి చెప్పి ఉంటాను. ఆ మాటలలో అసత్యం ఏదీ లేదు. అయినా వాటిలో చాలా భాగం రోగి నా గది గడప దాటకముందే గాలిలో కలిసిపోయిందని ఇప్పుడు విశ్రాంత జీవితంలో తీరికగా నెమరువేసుకుంటూ ఉంటే తెలిసివస్తున్నది.

ఈ ఆలోచనకు కారణం ఒక చిన్న మాట. తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యముల గ్రంథం నాలుగవ అధ్యాయంలో, కుప్ర ద్వీపానికి చెందిన యోసేపు అనే లేవీయునికి అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టినట్లు ఉంది. ఆ పేరుకు మన పాత అనువాదం ఇచ్చిన అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’. చిన్నతనంలో ఆదివారపు బడిలో ఈ మాట విన్నప్పుడు బర్నబా అంటే బెత్తం పట్టుకొని నిలబడే ఉపాధ్యాయుడని ఊహించుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, మూలంలోని గ్రీకు పదం ‘పారాక్లేసిస్’ అని. పక్కకు పిలుచుకోవడం, పక్కన నిలిచి ధైర్యం చెప్పడం, ఆదరించడం అన్నీ దానిలో ఇమిడి ఉన్నాయి. మన భాషలోనూ హెచ్చరిక ఎల్లప్పుడూ గద్దింపు కాదు. స్వామిని జాగ్రత్తగా వేంచేయమని ప్రేమతో పాడే పాటలకు మన సంగీత సంప్రదాయంలో హెచ్చరికలనే పేరు. కాలక్రమంలో ఆ ఆప్యాయత జారిపోయి, మాటలో వేలు చూపడం మాత్రమే మిగిలింది. మన విశ్వాస జీవితంలోనూ అదే జరిగిందేమోనని నా అనుమానం.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం, కోస్తా ప్రాంతంలో నేను పనిచేస్తున్న ఊరికి ఒక వ్యవసాయ కూలీ కుటుంబపు స్త్రీ క్షయ వ్యాధితో వచ్చింది. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, ఒంటికి కాస్త కండ పట్టింది. ఆ సంతోషంలో ఒక ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పింది. అక్కడ ఎవరో, దేవుడు స్వస్థపరచిన తరువాత కూడా మాత్రలు మింగడం అవిశ్వాసమని అన్నారట. ఆమె మందులు మానేసింది. కొన్ని నెలల తరువాత రక్తం కక్కుతూ, ఎముకల గూడై మళ్లీ నా ముందుకు వచ్చింది.

వైద్యపరంగా జరిగినది పాఠకులకు తెలియాలి. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలలో సూక్ష్మజీవులు చాలా వరకు నశించి, రోగికి నయమైనట్లే ఉంటుంది. కాని మందకొడిగా ఉన్న కొన్ని ఇంకా దాగి ఉంటాయి. వాటిని నిర్మూలించడానికే తక్కిన నాలుగు నెలలు. మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రూపం దాల్చనూ వచ్చు. అప్పుడది రోగితోపాటు ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకూ ముప్పు.

ఇదంతా తెలిసిన నేను ఆనాడు ఏం చేశాను? పదిమంది కూర్చున్న వరండాలో ఆమెపై కేకలు వేశాను. చావాలని ఉంటే ఇక్కడికెందుకు వచ్చావన్నాను. ఆమె తల వంచుకొని వెళ్లిపోయింది. మరుసటి రోజు రాలేదు, ఆ వారం రాలేదు. నా హెచ్చరికలోని ప్రతి అక్షరం నిజమే. ఆ నిజమే ఆమెను ఆసుపత్రికి దూరం చేసింది.

మూడవ వారంలో ఆమె తిరిగి వచ్చింది. చెయ్యి పట్టుకొని తీసుకువచ్చినది ఆమె సంఘానికే చెందిన ఒక వృద్ధురాలు. చదువు అంతంత మాత్రం, ఇడ్లీలు అమ్ముకొని బ్రతికే మనిషి. అదృష్టవశాత్తు పరీక్షలో మందులు పనిచేసే రకమేనని తేలింది. చికిత్స మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాం. ఆ ఆరు నెలలూ వృద్ధురాలు ప్రతి సాయంత్రం ఒక ఉడికించిన గుడ్డు కొంగున కట్టుకొని వెళ్లి, రోగి మాత్రలు మింగేదాకా కూర్చొని, చిన్న ప్రార్థన చేసి వచ్చేది. చికిత్స ముగిసిన నాడు నేను ఆమెను అడిగాను, ఏం చెప్పి ఒప్పించావమ్మా అని.

“నేనేం చెప్పలేదు డాక్టరు బాబూ. రోజూ పోయి కాసేపు కూర్చునేదాన్ని. నాలుగో నాడు అదే అడిగింది, రేపు ఆసుపత్రికి తోడొస్తావా పిన్నీ అని.”

నాకు ఎం.బి.బి.ఎస్. పాఠాలలో ఎవరూ చెప్పని సంగతి అది. హెచ్చరిక పుత్రుడికి దీటైన హెచ్చరిక పుత్రికను ఆనాడు చూశాను.

ఈ అనుభవం తరువాత, బాల్యం నుంచి ఎరిగిన బైబిలు కథలను వైద్యుని కళ్లతో మళ్లీ చదివాను. మంచి సమరయుని కథే చూడండి. గాయాలు కట్టడం ప్రథమ చికిత్స. తన వాహనంపై ఎక్కించుకొని పోవడం తరలింపు. పూటకూళ్ల ఇంట చేర్చి రాత్రి కనిపెట్టుకొని ఉండడం పరిచర్య. రెండు దేనారాలు ఇవ్వడం ఖర్చు భరించడం. మరల వచ్చినప్పుడు మిగిలినది తీరుస్తాననడం, మన వైద్య పరిభాషలో చెప్పాలంటే, ఫాలో అప్. క్షతగాత్రునికి అతడు చేసిన ఉపదేశం మాత్రం ఆ కథలో ఒక్కటీ కనబడదు.

ఏలీయా కథ మరొకటి. ప్రాణం మీద విరక్తి పుట్టి, చావును కోరుకుంటూ బదరీ వృక్షం క్రింద పడుకున్న ప్రవక్తను దేవదూత మందలించలేదు. తట్టి లేపి, తినడానికి రొట్టె, త్రాగడానికి నీళ్లు చూపాడు. ప్రవక్త తిని మళ్లీ నిద్రపోయాడు. రెండవమారు కూడా దూత లేపి తినమన్నాడు. దేవుని స్వరం వినబడింది ఆ తరువాతనే. క్రుంగుబాటుతో బాధపడేవారిని చూసే మనోవ్యాధి నిపుణులు కూడా నిద్ర, ఆహారం, భద్రత అనే వాటినే మొదట విచారిస్తారు. మన సంఘాలలో మాత్రం క్రుంగిన మనిషి కనబడగానే, దేవుని బిడ్డవు, నీకు దిగులేమిటని ప్రశ్నిస్తాం. ఆ ప్రశ్న అతని దిగులుకు అపరాధ భావాన్ని కూడా జోడిస్తుంది.

యోబు స్నేహితులు మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలపై అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన గొప్ప సేవ అదే. నోరు తెరచి, నీవేదో పాపం చేసి ఉంటావని కారణాలు వెదకడం మొదలుపెట్టిన క్షణం నుంచి వారు అతనికి భారమైపోయారు. క్యాన్సరు రోగి మంచం పక్కన ఇటువంటి కారణాలు వెదికేవారిని నేను ఎందరినో చూశాను. అందులో క్రైస్తవులూ ఉన్నారు, పూర్వజన్మ కర్మ అనేవారూ ఉన్నారు. మతమేదైనా రోగికి కలిగే గాయం ఒక్కటే.

ఇక మందులు అవిశ్వాసమనే వాదానికి హిజ్కియా వృత్తాంతం చాలు. రాజు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్దను పుండుపై వేయమన్నాడు. ప్రార్థన, పట్టు రెండూ ఒకే సందర్భంలో ఉన్నాయి. సువార్తలలో ఒకదానిని వ్రాసినవాడిగా సంఘం గౌరవించే లూకా స్వయంగా వైద్యుడు.

మన తెలుగు నేలపై ఈ విశ్వాసం మొదటి నుంచీ చేతులతోనే మాట్లాడింది. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్, పురుష వైద్యునికి చూపించుకోలేని స్త్రీల కోసం శ్రమించి 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. నిజామాబాదు ప్రాంతంలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు కుష్ఠురోగుల కోసం డిచ్‌పల్లిలో చికిత్సాలయం నెలకొల్పింది. దానికి ఉదారంగా విరాళమిచ్చి నిలబెట్టినవారిలో నర్సాగౌడ్ అనే హిందూ దాత ఉన్నారు. కరుణ ఏ ఒక్క మతం సొత్తూ కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు, కుష్ఠురోగుల వ్రేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోవడం లేదని, స్పర్శ కోల్పోవడం వలన తెలియక తగిలే దెబ్బలే వాటిని హరిస్తున్నాయని గ్రహించి, వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేశాడు. కుష్ఠురోగుల పాదాలను కాపాడిన మెత్తని రబ్బరు చెప్పులను నేడు స్పర్శ తగ్గిన మధుమేహ రోగులకూ మేము సూచిస్తున్నాం. ఒక మనిషి విశ్వాసం చెప్పుల రూపంలో కూడా నడవగలదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, వైద్యుడు గనుక ప్రార్థనను తక్కువ చేస్తున్నాడని. అలా కాదు. రోగి చెయ్యి పట్టుకొని చేసే ప్రార్థన అతని భయాన్ని తగ్గించడం, రాత్రి నిద్ర పట్టించడం నేను కళ్లారా చూశాను. నేనూ ప్రార్థించేవాడినే. నేను వ్యతిరేకించేది ప్రార్థనను కాదు, ప్రార్థన పేరిట మాత్రలు ఆపించడాన్ని. నయమైందో లేదో తేల్చవలసినది పరీక్ష. నిజంగా స్వస్థత కలిగితే ఆ పరీక్ష దానిని దాచిపెట్టదు. కనుక పరీక్షకు భయపడవలసిన అవసరం విశ్వాసికి లేదు.

రెండవది, ఇదంతా సంఘసేవే గాని ఇందులో సువార్త ఏదని. ఈ ఆక్షేపణను నేను తేలికగా తీసుకోను. మాటకు దాని స్థానం ఉంది. మరణశయ్యపై ఉన్నవారికి నిరీక్షణ గురించిన ఒక మాట నా మందులన్నిటికంటె ఎక్కువ శాంతిని ఇవ్వడం ఎరుగుదును. అయితే ఆ మాట చెప్పే అర్హత పక్కన కూర్చున్నవారికే దక్కుతుంది. బర్నబా కూడా అంతే. తన పొలం అమ్మి ఆ సొమ్ము అపొస్తలుల పాదాల వద్ద పెట్టాడు. అందరూ భయపడి దూరంగా ఉంచిన సౌలును చేరదీశాడు. మధ్యలో వదలి వెళ్లిన మార్కును పౌలు వద్దన్నప్పుడు, అతనికి మరో అవకాశం ఇచ్చి వెంటబెట్టుకొని వెళ్లాడు. అదే మార్కును తరువాత పౌలు తనకు ప్రయోజనకరమైనవాడని కోరి పిలిపించుకున్నాడు. మాత్రలు మధ్యలో మానేసిన రోగి కూడా ఒక మార్కే. అతనికి కావలసినది రెండవసారి తోడు వచ్చే మనిషి.

కాబట్టి ప్రతి సంఘంలోనూ, ఆ మాటకొస్తే ప్రతి వీధిలోనూ జరగవలసినవిగా నాకు తోచిన కొన్ని పనులు మనవి చేస్తాను. మీ ఎరుకలో క్షయకో, మధుమేహానికో, రక్తపోటుకో, మూర్ఛకో, మనోవ్యాధికో దీర్ఘకాలం మందులు వాడేవారు ఉంటే, వారిని వారానికి ఒకసారైనా పలకరించండి. మందులు ఎన్నాళ్లకు సరిపడా ఉన్నాయో అడగండి. నిండుకుంటున్నాయంటే తెచ్చిపెట్టండి. ఆసుపత్రికి వెళ్లే రోజున తోడు వెళ్లండి, డాక్టరు చెప్పినది మీరూ వినండి. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే ఆ మాటను తేలికగా తీసుకోకండి, వారిని ఒంటరిగా విడిచిపెట్టకుండా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. రోగం ఎందుకు వచ్చిందో వివరించే బాధ్యత మీకు లేదు. ముఖ్యంగా, సాక్ష్యం చెప్పేవారిని మనసారా అభినందించండి, అభినందించి మాత్రలు కొనసాగించమని కూడా చెప్పండి. కాపరులు వేదిక మీద నుంచి ఈ ఒక్క వాక్యం ప్రతి ఆదివారం పలికితే, కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయని నా దృఢ విశ్వాసం.

నాతోటి వైద్యులకూ ఒక మనవి. తప్పు చేసిన రోగి మన వద్దకు తిరిగి రావడానికి ఎంత ధైర్యం కూడగట్టుకోవాలో ఒక్కసారి ఊహించండి. తిరిగి వచ్చినందుకు మొదట సంతోషించండి, మందలింపు తరువాత చూసుకోవచ్చు. తప్పిపోయి తిరిగి వచ్చిన కుమారుని తండ్రి చేసినది అదే.

ఆ వృద్ధురాలు ఇప్పుడు లేదు. ఆమె తోడు తెచ్చిన స్త్రీ కొన్నేళ్ల తరువాత ఒకనాడు నా వద్దకు మరొక రోగిని వెంటబెట్టుకొని వచ్చింది. పొరుగింటి కోడలట, రెండు వారాలుగా దగ్గు. ఆ అమ్మాయి భయంతో బిగుసుకుపోయి ఉంటే, ఈమె ఏమీ మాట్లాడకుండా పక్కనే కూర్చొని ఆమె చెయ్యి పట్టుకుంది. నేను ఈసారి గొంతు తగ్గించి, కుర్చీ వారి దగ్గరకు జరుపుకొని మాట్లాడాను.