మీ ఆరోగ్యం: ఫోను మోగితే గుండెదడ

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మావారూ నేనూ రోల్డ్‌గోల్డ్ పని చేస్తాం. పిల్లవాడి ఫీజు కోసం మావారికి చెప్పకుండా ఫోనులో ఒక లోన్ యాప్ ద్వారా 5,000 రూపాయలు తీసుకున్నాను. చేతికి వచ్చింది 3,200. వారం తిరక్కుండా కట్టేశాను. ఇంకా బాకీ ఉందంటూ మా అక్కకూ, పిల్లవాడి మాస్టారికీ నేను దొంగనని మెసేజిలు పెట్టారు. నా ఫొటోను అసహ్యంగా మార్చి అందరికీ పంపుతామంటున్నారు. ఫోను మోగితే చాలు గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి. నిద్ర లేదు. ఇ.సి.జి. బాగానే ఉందన్నారు. ఇది గుండె జబ్బా? బతకాలని లేదు.
– పేరు ప్రచురించవద్దు, చిలకలపూడి, మచిలీపట్నం

జవాబు: ఇ.సి.జి. బాగుంది కాబట్టి మీరు చెప్పే లక్షణాలు భయం వల్ల వచ్చినవే అనిపిస్తోందమ్మా. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగం పెరుగుతుంది. దివిసీమలో పొలం గట్టు మీద పాము కనబడితే వెనక్కి దూకడానికి పనికొచ్చే ఏర్పాటది. మీకు ఆ పాము రోజుకి ఇరవైసార్లు ఫోనులో కనబడుతోంది.

బతకాలని లేదన్నారు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇప్పుడే 14416కి ఫోను చేయండి. అది ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఈ రాత్రే మీవారికీ చెప్పండి. కోప్పడతారేమో, పడనివ్వండి. ఒక్కరే మోయడం వల్లే జబ్బు ఇంత ముదిరింది.

అక్క నంబరు వాళ్లకెలా దొరికిందంటే, యాప్ పెట్టుకునేటప్పుడు కాంటాక్టులు, ఫొటోలు చూడవచ్చా అని ఫోను అడిగి ఉంటుంది, మీరు సరేనని నొక్కి ఉంటారు. చాలామందిమి చదవకుండా అలాగే నొక్కుతాం. అప్పు యాప్‌లు కాంటాక్టులనూ ఫొటోలనూ ముట్టుకోరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే నిబంధన పెట్టింది. తప్పు వాళ్లది. 2020 చివరలో హైదరాబాదులో పోలీసులు పట్టుకున్న ముఠాలదీ ఇదే పద్ధతి. మిమ్మల్నొక్కరినే ఎంచుకుని చేస్తున్నది కాదు.

ముందు బెదిరింపులకూ, కట్టిన డబ్బు రసీదులకూ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరిచి, ఆ యాప్‌కిచ్చిన అనుమతులన్నీ తీసేసి, యాప్‌ను తొలగించండి. ఫోనును బట్టి పేర్లు కొంచెం మారతాయి. మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. అయితే వాళ్లు ఇప్పటికే కాపీ చేసుకున్న నంబర్లు దీనితో వెనక్కి రావు. అందుకని మీరే ముందుగా బంధువులకు “నా పేరుతో చెడ్డ మెసేజి వస్తే నమ్మకండి” అని చెప్పేయండి. 1930కి ఫిర్యాదు చేయండి. పోలీసులతో మాట్లాడకుండా ఇంకొక్క రూపాయి పంపవద్దు.

రాత్రి ఫోను వేరే గదిలో ఉంచండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి. రెండు వారాలకీ దడ తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించుకోండి.

ప్రశ్న: నెలసరి తేదీలు గుర్తుంచుకునే యాప్ మైకూ, లొకేషనూ అడుగుతోంది. ఇవ్వవచ్చా?
– విద్యార్థిని, గుడివాడ

జవాబు: అక్కర్లేదు. తేదీలు లెక్కపెట్టడానికి మీరెక్కడున్నారో దానికెందుకు? ఫ్లో అనే యాప్ ఆడవాళ్ల ఆరోగ్య వివరాలను ఇతర కంపెనీలకు చేరవేసిందన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2021లో రాజీపడింది. దారి చూపే మ్యాపుకైతే లొకేషన్ కావాలి. దానికి కూడా ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది ఎంచుకోండి. నెలసరికి గోడ క్యాలెండరు మీద చుక్క పెట్టుకున్నా సరిపోతుంది. 35 రోజులు దాటి తరచూ ఆలస్యమవుతుంటే మాత్రం లేడీ డాక్టరుకు చూపించుకోండి.